డేటాబేస్ ఫైలు పాస్‌వర్డ్ మర్చిపోయారా? ముందు చంకలో చూసుకోండి

(రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? వినపడుతోంది. మంచిది.

ముందు ఒక చిన్న లెక్క తేలుద్దాం. పాస్‌వర్డ్ మర్చిపోయిన డేటాబేస్ ఫైలు ఒక్కటైనా ఉన్నవాళ్లు చేతులెత్తండి. సిగ్గుపడాల్సిందేం లేదు, నేనూ ఎత్తాను చూడండి. సగం మంది ఎత్తారు. మిగతా సగం మందికీ ఉందనే నా అనుమానం. లేకపోతే సాయంత్రం పూట ఇంత ఎండిపోయిన విషయం వినడానికి ఎవరొస్తారు చెప్పండి?

ఇలాంటి ఫైలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే. "సార్, దీన్ని బద్దలు కొట్టే సాఫ్ట్‌వేర్ ఏమైనా ఉందా?" ఉందండీ. చాలా ఉన్నాయి. కానీ నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. నిన్నటి దాకా ఈ ఫైలును ఎవరు తెరిచారు? ఏ కంప్యూటర్లో తెరిచారు? నేరుగా తెరిచారా, వేరే ప్రోగ్రాంలోంచి తెరిచారా? ఈ ప్రశ్నలు వినగానే వచ్చినాయన మొహం చిట్లిస్తాడు. తాళం పగలగొట్టేవాణ్ణి పిలిస్తే పోలీసు వచ్చాడేంటి అన్నట్టు చూస్తాడు. కానీ ఈ పనిలో నాకు దొరికిన పాస్‌వర్డ్‌లలో ఎక్కువ భాగం ఈ ప్రశ్నల వల్ల దొరికినవే. బద్దలు కొట్టి తీసినవి తక్కువ.

అసలు విషయంలోకి వెళ్లేముందు రెండు మాటలు. ఒకటి, ఆ ఫైలు ఇప్పుడు ఎక్కడైనా, ఎవరి కంప్యూటర్లోనైనా తెరిచే ఉందా? ఉంటే దాన్ని మూయొద్దు. మూయనివ్వొద్దు. కరెంటు పోకుండా చూసుకోండి. తెరిచి ఉన్న ఫైల్లోంచి టేబుళ్లన్నీ కొత్త ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసేస్తే అసలు పాస్‌వర్డుతో పనే లేదు. రోజంతా తెరిచి ఉన్న ఫైలును సాయంత్రం బుద్ధిగా మూసేసి, మర్నాడు నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

రెండు, ఒరిజినల్ ఫైలు జోలికి పోవద్దు. కాపీ తీయండి. కాపీకి ఇంకో కాపీ తీయండి. ఒరిజినల్‌ను వేరే డ్రైవులో పెట్టి మర్చిపోండి. మొదట్లో నేను ఈ తప్పు చేశాను. పాస్‌వర్డ్ తీసేసే చిన్న టూల్ ఒకటి ఎక్కడో దొరికితే తొందరపడి ఒరిజినల్ మీదే నడిపాను. అది ఫైలు మొదట్లో నాలుగు బైట్లు గెలికి మధ్యలో చచ్చిపోయింది. అప్పటిదాకా ఫైలు తెరవబోతే పాస్‌వర్డ్ అడిగేది. ఆ తర్వాత అడగడం కూడా మానేసి, ఈ డేటాబేస్ ఫార్మాట్ గుర్తుపట్టలేకపోతున్నాను అనడం మొదలుపెట్టింది. పాస్‌వర్డ్ లేకపోవడం కష్టమే, ఫైలే లేకపోవడం ఇంకా కష్టం. అప్పటినుంచి కాపీ లేనిదే ముట్టుకోను.

సరే. ఇప్పుడు అసలు సంగతి. పాస్‌వర్డ్ అని మనం ఒకే పేరుతో పిలుస్తాం గానీ అందులో రెండు జాతులున్నాయి. ఒకటి గుమ్మం దగ్గర కావలివాడు. రెండోది ఇనప్పెట్టె తాళం. కావలివాడు "ఎవరు నువ్వు?" అని అడుగుతాడు. సరైన జవాబు చెప్పకపోతే లోపలికి వెళ్లనివ్వడు. కానీ ఇంట్లో సామానంతా మామూలుగానే ఉంటుంది. పెరటి తలుపు తీసి ఉంటే అటునుంచి వెళ్లొచ్చు. ఇనప్పెట్టె అలా కాదు. అందులో సామాను సామానులా ఉండదు, పిండి అయిపోయి ఉంటుంది. తాళంచెవి పడితేనే ఆ పిండి మళ్లీ సామానవుతుంది. మీ ఫైలుకున్నది కావలివాడా, ఇనప్పెట్టా? ఇది తేల్చుకోకుండా ఏ టూలూ కొనొద్దు.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ తీసుకుందాం. ఎందుకంటే నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఎక్కువ అవే. యాక్సెస్ మొదట 1992లో వచ్చింది. 2007 వెర్షన్ వచ్చేదాకా దాని ఫైలు పేరు చివర ఎండీబీ అని ఉండేది, ఆ తర్వాత ఏసీసీడీబీ అయింది. ఈ రెంటికీ మధ్య తేడా పేరులోనే ఉందనుకుంటే పొరపాటు. పాత ఎండీబీ పాస్‌వర్డ్ కావలివాడు. కొత్త ఏసీసీడీబీ పాస్‌వర్డ్ ఇనప్పెట్టె తాళం.

ఈ కావలివాడు ఎంత అమాయకుడో ఒకసారి దగ్గర్నుంచి చూపిస్తాను. తెర మీద అంకెలు కనబడుతున్నాయా? ఇది యాక్సెస్ 97 నాటి ఫైలు, హెక్స్ ఎడిటర్లో తెరిచాను, అంటే ఫైల్లోని ఒక్కో బైటునూ అంకెగా చూపించే ప్రోగ్రాంలో. మీకు తేలిగ్గా ఉంటుందని మామూలు అంకెల్లో చూపిస్తున్నాను. సున్నా నుంచి లెక్కపెడుతూ 66వ బైటు దగ్గరికి రండి. 134, 251, 236, 55, 93. ఏమిటివి? ఈ ఫైలుకు పాస్‌వర్డ్ లేదు. లేనప్పుడు ప్రతి యాక్సెస్ 97 ఫైల్లోనూ అక్కడ ఇవే అంకెలుంటాయి. నా ఫైల్లోనూ ఇవే, మీ ఫైల్లోనూ ఇవే.

ఇప్పుడు దీనికి రామ్ అని పాస్‌వర్డ్ పెట్టాను. ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలు, ఆర్, ఏ, ఎం. కంప్యూటరుకు ఆర్ అంటే 114, ఏ అంటే 97, ఎం అంటే 109. మళ్లీ అదే చోటు చూడండి. 244, 154, 129, ఆ తర్వాత 55, 93. మొదటి మూడే మారాయి. నాలుగోది కదల్లేదు, ఎందుకంటే పాస్‌వర్డ్ అక్కడికి అయిపోయింది. 134కీ 114కీ ఎక్సార్ అనే లెక్క చేస్తే 244 వస్తుంది. రెండు సంఖ్యల్నీ సున్నాలు, ఒకట్లుగా రాసి, తేడా ఉన్నచోట ఒకటి, లేనిచోట సున్నా వేయడమే ఎక్సార్. ఎక్సార్‌లో ఒక చిత్రం ఉంది. అదే అంకెతో రెండోసారి చేస్తే మొదటికి వచ్చేస్తుంది. 244కీ 134కీ చేయండి, 114. ఆర్! 154కీ 251కీ చేయండి, 97. ఏ! ఇంతే. టూలు కూడా అక్కర్లేదు, కాగితం, పెన్సిల్ చాలు.

అంటే ఏమైంది? పాస్‌వర్డ్ ఫైల్లోనే ఉంది, అందరికీ ఒకటే ముసుగు వేసుకుని. ఆ ముసుగు ఏమిటో తెలియనంత కాలమే రహస్యం. 1883లోనే ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే ఆయన సైనిక సంకేత లిపుల గురించి రాస్తూ, పద్ధతి శత్రువు చేతికి చిక్కినా నష్టం లేనట్టు ఉండాలన్నాడు. రహస్యమంతా తాళంచెవిలోనే ఉండాలి, తాళం తయారీలో ఉండకూడదన్నమాట. వందేళ్లు దాటాక కూడా ఆ మాట అందరూ చదివినట్టు లేదు. యాక్సెస్ 2000లో కొంచెం మార్చారు. ఆ ముసుగులో ఫైలు పుట్టిన తేదీని కూడా కలిపారు. కానీ ఆ తేదీ ఎక్కడుంది? అదే ఫైల్లో, అదే పేజీలో! తాళం వేసి చెవి గుమ్మం మీద పెట్టినట్టు.

ఇంకో సంగతి. ఇందాక పెరటి తలుపు అన్నాను కదా. ఈ పాత ఫైళ్లలో పాస్‌వర్డ్ పెట్టినంత మాత్రాన డేటా ఎన్‌క్రిప్ట్ అవదు, అంటే ఇందాక చెప్పినట్టు పిండి అవదు. ఎండీబీ టూల్స్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములున్నాయి. అవి యాక్సెస్‌తో పని లేకుండా నేరుగా ఫైలు చదివి టేబుళ్లు బయటికి తీస్తాయి. పాస్‌వర్డ్ అడగనే అడగవు. అడగాలన్న పట్టింపు యాక్సెస్‌దే, ఫైలుది కాదు. కాబట్టి 2007కు ముందు ఫైలు అయితే ఈ రాత్రి నిశ్చింతగా నిద్రపోండి.

ఒక మెలిక ఉంది. తెరిచేటప్పుడు పాస్‌వర్డొక్కటే అడుగుతోందా, యూజర్ నేమ్ కూడా అడుగుతోందా? చూసుకోండి. రెండూ అడిగితే అది వేరే ఏర్పాటు. దానికి ఎండీడబ్ల్యూ అని విడిగా ఒక వర్క్‌గ్రూప్ ఫైలు ఉంటుంది, ముందు అది దొరకాలి. అలాగే ఫైలు మామూలుగా తెరుచుకుని, కోడ్ చూడబోతే పాస్‌వర్డ్ అడిగితే అది వీబీఏ ప్రాజెక్టుకు పెట్టింది. డేటాకు దానితో సంబంధం లేదు. ఈ మూడూ కలిపేసుకుని కంగారుపడేవాళ్లు చాలామంది.

మరి నాది ఏ కాలం ఫైలో ఎలా తెలుస్తుంది? ఫైలు పేరు చివరి అక్షరాలను నమ్మొద్దు, పేరు ఎవరైనా మారుస్తారు. కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. గజిబిజి గుర్తుల మధ్య మొదటి వరసలోనే స్టాండర్డ్ జెట్ డీబీ అని కనబడితే పాతది, స్టాండర్డ్ ఏస్ డీబీ అని కనబడితే కొత్తది. ఎస్‌క్యూలైట్ అని చాలా ప్రోగ్రాములు లోపల్లోపల వాడుకునే ఇంకో రకం డేటాబేస్ ఉంది. ఆ ఫైలైతే ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3 అని ఉంటుంది. ఎస్‌క్యూలైట్‌కు మామూలుగా పాస్‌వర్డే లేదు. ఏ ప్రోగ్రామో పాస్‌వర్డ్ అడుగుతున్నా ఫైల్లో ఈ మాట కనబడుతోందంటే అడుగుతున్నది ఆ ప్రోగ్రామే. అలాంటి ఫైళ్లు చాలావరకు వేరే ఎస్‌క్యూలైట్ బ్రౌజర్లో నేరుగా తెరుచుకుంటాయి. ఆ మాటే కనబడకుండా మొదటి బైటు నుంచీ గజిబిజే ఉంటే అది బహుశా ఎస్‌క్యూల్‌సైఫర్, అంటే ఎస్‌క్యూలైట్‌కే ఎన్‌క్రిప్షన్ కలిపిన రకం. అది మాత్రం గట్టి ఇనప్పెట్టె.

మై ఎస్‌క్యూల్, పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్ల సంగతి ఎవరో అడుగుతున్నారు. వాటి పాస్‌వర్డ్ సాధారణంగా కావలివాడే. మెషీన్ మీ చేతిలో ఉంటే, మై ఎస్‌క్యూల్‌ను స్కిప్ గ్రాంట్ టేబుల్స్ అనే ఆప్షన్‌తో నడిపి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. ఆ కాసేపు నెట్‌వర్క్ తీసేయండి, తలుపు బార్లా తెరిచినట్టే అది. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ హెచ్‌బీఏ అనే ఫైల్లో ఒక వరస మార్చాలి. వాటి మీద ఇంతకంటే సమయం పెట్టను, వాటి మాన్యువల్‌లోనే చక్కగా ఉంది.

ఇక ఇనప్పెట్టెల సంగతి. 2007 తర్వాతి యాక్సెస్ ఫైల్లో మీ పాస్‌వర్డ్ ఎక్కడా ఉండదు. ముసుగు వేసుకుని కూడా ఉండదు. మీరు టైపు చేసిన మాట నుంచి ఒక తాళంచెవి తయారవుతుంది, దానితో డేటా మొత్తం ఎన్‌క్రిప్ట్ అవుతుంది. పాస్‌వర్డ్ పోతే డేటాబేస్ వాడలేరని మైక్రోసాఫ్టే చెబుతుంది. ఆ చెవి తయారుచేయడం కూడా కావాలనే నెమ్మదిగా ఉంటుంది. ఎస్‌క్యూల్‌సైఫర్ నాలుగో వెర్షన్ తీసుకోండి. ఒక్క పాస్‌వర్డ్ సరైందో కాదో చూడాలంటే ఒకే లెక్కను 2,56,000 సార్లు తిప్పాలి. మూడో వెర్షన్‌లో 64,000 సార్లే. రోజుకోసారి ఫైలు తెరిచే మీకు ఆ ఆలస్యం తెలియదు. కోట్ల మాటలు వరసగా ప్రయత్నించేవాడికి మాత్రం అది కొండ. మీరు ఎప్పటికప్పుడు తిట్టుకునే ఆ ఆలస్యమే మీ డేటాను కాపాడుతున్న గోడ.

అయితే ఇక ఆశ లేదా? ఇక్కడే నా అసలు మాట. ఇనప్పెట్టె గట్టిదే. కానీ చెవి ఎన్నిచోట్ల పెట్టామో గుర్తుందా?

పాస్‌వర్డ్ ఎక్కడ పడి ఉంటుంది?

మనిషి ఒక్కడే తెరిచే ఫైలు తక్కువండీ. ఆఫీసుల్లో సాధారణంగా రెండు ఫైళ్లుంటాయి. డేటా ఉన్నది బ్యాక్ ఎండ్, ఫారాలు, రిపోర్టులు ఉన్నది ఫ్రంట్ ఎండ్. పాస్‌వర్డ్ బ్యాక్ ఎండ్‌కు ఉంటుంది. కానీ రోజూ పని చేసేవాళ్లను ఎప్పుడైనా పాస్‌వర్డ్ అడిగిందా? అడగదు. మరి ఆ ఫ్రంట్ ఎండ్ లోపలికి ఎలా వెళుతోంది? ఆలోచించండి. దానికి పాస్‌వర్డ్ తెలిసుండాలి కదా! తెలుసు. లింక్ చేసిన ప్రతి టేబుల్‌తో పాటు కనెక్షన్ స్ట్రింగ్ అని ఒక వరస దాచుకుంటుంది. అందులో పీడబ్ల్యూడీ అనే మూడక్షరాల పక్కన ఈక్వల్ గుర్తు, దాని పక్కన మీ పాస్‌వర్డ్. ముసుగు లేదు, ఏమీ లేదు. ఉన్నదున్నట్టు.

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటాం చూడండి, సరిగ్గా ఇదే.

చూసే పద్ధతి చెబుతాను, రాసుకోండి. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని ఫ్రంట్ ఎండ్ తెరవండి. అలా తెరిస్తే మొదట వచ్చే మెనూ ఫారం రాదు, టేబుళ్ల జాబితా నేరుగా కనబడుతుంది. రాసినవాడు షిఫ్ట్ దారిని కూడా మూసేసి ఉంటే వేరే ఖాళీ డేటాబేస్‌లోంచి కోడ్ ద్వారా చదవాలి, అది తర్వాత అడగండి. తెరుచుకుంటే కంట్రోల్, జీ నొక్కండి. కింద ఇమీడియట్ విండో వస్తుంది. అందులో ప్రశ్నార్థకం పెట్టి, కరెంట్‌డీబీ చుక్క టేబుల్‌డెఫ్స్, బ్రాకెట్లో కోట్స్ మధ్య టేబుల్ పేరు, బ్రాకెట్ మూసి చుక్క కనెక్ట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక వరస వస్తుంది. చదవండి. అంతే. ఎమ్మెస్‌సిస్ ఆబ్జెక్ట్స్ అని దాచిపెట్టిన సిస్టమ్ టేబుల్ ఒకటుంది, అందులో కనెక్ట్ అనే కాలమ్‌లోనూ ఇదే ఉంటుంది.

ఒకసారి ముగ్గురు మనుషులు పది రోజులుగా ఊహించి ఊహించి అలసిపోయిన పాస్‌వర్డ్‌ను ఇలా నాలుగు నిమిషాల్లో చదివాను. అందులో మూడు నిమిషాలు ఫ్రంట్ ఎండ్ ఫైలు ఎక్కడుందో వెతకడానికే పట్టింది. వాళ్లు దాన్ని ఫైలు అనుకోలేదు. డెస్క్‌టాప్ మీద బొమ్మ అనుకున్నారు!

యాక్సెస్ ఫ్రంట్ ఎండ్ లేదు, ఎవరో రాసిచ్చిన వేరే ప్రోగ్రాం ఉందంటారా? అదీ ఎక్కడో రాసుకునే ఉంటుంది. ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్లో కాన్ఫిగ్, ఐఎన్ఐ, యూడీఎల్ అని ముగిసే ఫైళ్లు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. ఎక్సెల్ షీట్‌లోకి డేటా లాగే ఏర్పాటు ఏమైనా ఉందా? ఆ కనెక్షన్ ప్రాపర్టీస్ చూడండి. రాత్రిపూట బ్యాకప్ తీసే స్క్రిప్ట్ ఉందా? చూడండి. మనిషి మర్చిపోతాడని పెట్టుకున్న యంత్రాలే కదా ఇవన్నీ.

సరే, ఏ కంప్యూటర్లో వెతకాలో కూడా తెలియదనుకోండి. పాతిక కంప్యూటర్లున్నాయి, అందులో ఏది ఈ ఫైలును వాడేది? దానికీ ఒక ఆధారం ఉంది. యాక్సెస్ ఫైలు తెరిచి ఉన్నంతసేపూ దాని పక్కనే అదే పేరుతో ఎల్‌డీబీ అనో ఎల్‌ఏసీసీడీబీ అనో లాక్ ఫైలు ఒకటి పుడుతుంది. చివరి మనిషి మూయగానే మాయమవుతుంది. మధ్యలో కరెంటు పోయో, మెషీన్ ఆగిపోయో ఉంటే మాయమవకుండా మిగిలిపోతుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. తెరిచిన కంప్యూటర్ పేరు ఉంటుంది అందులో. ఆ పేరున్న మెషీన్ ఏ గదిలో ఉందో కనుక్కుంటే చాలు, సగం పని అయినట్టే.

ఇంకా ఉంది. పాస్‌వర్డ్ పెట్టకముందు తీసిన బ్యాకప్ ఎక్కడైనా ఉందా? పాత పెన్ డ్రైవ్‌లో, ఎవరికో పంపిన ఈమెయిల్‌లో, విండోస్ ప్రీవియస్ వెర్షన్స్‌లో. ఆర్నెల్ల పాత డేటా అయినా, ఏమీ లేకపోవడం కంటే నయం కదా? తేడా మాత్రం చేత్తో ఎక్కించుకోవచ్చు.

వేళ్లను అడగడం

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ. ఒక సంస్థలో రిటైరైన మేడమ్ ఒకరు చాలా ఏళ్లు ఒక రిజిస్టరును యాక్సెస్‌లో నడిపారు. ఆవిడ వెళ్లాక పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టారు, ఫైలు అందులోకి మార్చారు. తెరుచుకోదు. ఆవిడకు ఫోన్ చేశారు. పాపం వెంటనే చెప్పారు, ఒక మాట, దాని వెనక 123. కొడితే తప్పంటుంది. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్నీ మార్చి చూశారు. తప్పే. చివరికి అందరూ తేల్చిందేమిటంటే, మేడమ్ గారికి వయసు మీద పడింది, మర్చిపోయారు.

నేను ఆవిణ్ణి రమ్మని బతిమాలాను. వచ్చారు. పాస్‌వర్డ్ పెట్టెలో కాకుండా నోట్‌ప్యాడ్ తెరిచి, "మేడమ్, రోజూ కొట్టినట్టే ఇక్కడ కొట్టండి, ఆలోచించొద్దు" అన్నాను. చుక్కలు కాకుండా అక్షరాలు కనబడాలని నోట్‌ప్యాడ్. ముందు లాప్‌టాప్ ఇచ్చాం. చెయ్యి కుడివైపు వెళ్లి గాల్లో ఆగిపోయింది. "ఇక్కడ అంకెలు లేవే" అన్నారు. అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ 123 కొట్టేది పైన వరసలో కాదు, కుడివైపు నంబర్ ప్యాడ్ మీద. స్టోర్ రూంలోంచి ఆ పాత కంప్యూటర్నే మోసుకొచ్చి పెట్టాం. ఆన్ చేశాం. ఆవిడ చకచకా కొట్టేశారు. తెర మీద మాట వచ్చింది. 123 రాలేదు.

ఎందుకు రాలేదు? ఎవరైనా చెప్పగలరా? అదిగో, ఆ మూల అమ్మాయి చెబుతోంది. నమ్ లాక్! ఆ మెషీన్ ఎప్పుడు ఆన్ చేసినా నమ్ లాక్ ఆఫ్‌లోనే ఉంటుంది. నమ్ లాక్ లేకపోతే ప్యాడ్ మీద 1 అంటే ఎండ్, 2 అంటే కింది బాణం, 3 అంటే పేజ్ డౌన్. ఒక్క అంకె కూడా పడదు. పాస్‌వర్డ్ పెట్టిన రోజు రెండుసార్లు అలాగే కొట్టారు, రెండూ కలిశాయి. తర్వాత ఏళ్ల తరబడి రోజూ అలాగే కొట్టారు, రోజూ తెరుచుకుంది. చుక్కలు ఎన్ని పడ్డాయో ఎవరు లెక్కపెడతారు? అసలు పాస్‌వర్డ్ వెనక 123 లేదు. ఎప్పుడూ లేదు. మేడమ్ ఏమీ మర్చిపోలేదు. గుర్తున్నదే తప్పు!

అందుకే మర్చిపోయాను అనేవాళ్లను, కొడుతుంటే పడటం లేదు అనేవాళ్లను వేర్వేరుగా చూస్తాను. రెండోవాళ్లైతే కీబోర్డు మీదే అనుమానం. క్యాప్స్ లాక్ అందరికీ తెలుసు. మనకు ఇంకోటి ఉంది. పాస్‌వర్డ్ పెట్టిన రోజు భాష తెలుగులో ఉందేమో! ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఆన్‌లో ఉండి మీరు ఇంగ్లీషనుకుని కొట్టినవి తెలుగు అక్షరాలై కూర్చుంటాయి. చుక్కల్లో తెలుగు చుక్క, ఇంగ్లీషు చుక్క అని తేడా కనబడదు కదా. భాష మార్చి అవే కీలు కొట్టి చూడండి.

ఇవన్నీ అయ్యాక, అప్పుడు, బద్దలు కొట్టే టూల్స్ దగ్గరికి వద్దాం. జాన్ ద రిప్పర్, హ్యాష్‌క్యాట్ అని రెండు ప్రసిద్ధమైనవి ఉన్నాయి, రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్. హ్యాష్‌క్యాట్ గ్రాఫిక్స్ కార్డు బలం వాడుకుంటుంది. ఇవి చేసే మాయ ఏమీ లేదు, వేగంగా ఊహిస్తాయి, అంతే. వేగం ఎంతన్నది ఇందాకటి ఆ తిప్పుడు లెక్క మీద ఆధారపడుతుంది.

లెక్క చూద్దాం. ఎనిమిది చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు. 26ను ఎనిమిదిసార్లు హెచ్చవేయండి. 20,882 కోట్ల పైచిలుకు. సెకనుకు వెయ్యి ప్రయత్నాలు అనుకుంటే అన్నీ అయ్యేసరికి ఆరున్నరేళ్లు దాటుతుంది. పెద్దక్షరాలు, అంకెలు, గుర్తులు కూడా కలిపి 95 రకాలనుకుంటే రెండు లక్షల ఏళ్ల పైమాటే. ఆ ఫైల్లో ఉన్న బాకీలన్నీ అప్పటికి కాలదోషం పట్టిపోతాయి.

కానీ మనుషులు అలా పెట్టరు కదా. పెట్టినవాళ్ల పాత అలవాటు తెలిస్తే కథ మారిపోతుంది. ఒక కాగితం తీసుకోండి. వాళ్లు పాస్‌వర్డ్‌గా వాడగల మాటలు రాయించండి, ఇంట్లోవాళ్ల పేర్లు, ముద్దుపేర్లు, సంస్థ పేరు, దేవుడి పేరు. నలభై మాటలనుకుందాం. మొదటి అక్షరం పెద్దది, చిన్నది, రెండు రకాలు. మధ్యలో గుర్తు లేకపోవడం, లేదా మూడు గుర్తుల్లో ఒకటి, మొత్తం నాలుగు రకాలు. చివర రెండంకెలో, మూడో, నాలుగో, అన్నీ కలిపి 11,100 రకాలు. హెచ్చవేస్తే 35,52,000. అదే వేగంతో గంట లోపే అయిపోతుంది. ఆరున్నరేళ్లెక్కడ, గంటెక్కడ? ఈ తేడా తెచ్చింది కంప్యూటర్ కాదు, ఆ కాగితం. అందుకే కాగితం మీద రెండు రోజులు కూర్చోండి, టూల్ మీద రెండు గంటలు చాలు.

పేర్లు రాసేటప్పుడు స్పెల్లింగులన్నీ రాయండి. తెలుగు పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. లక్ష్మిలో ఎక్స్ పెట్టేవాళ్లున్నారు, కే, ఎస్, హెచ్ పెట్టేవాళ్లున్నారు. శ్రీ చివర ఐ ఒకరికి, రెండు ఈలు ఇంకొకరికి. విదేశాల్లో తయారైన పదాల జాబితాలు మనకు పెద్దగా పనికిరానిది ఇందుకే. మన జాబితా మనమే రాసుకోవాలి.

ఇక వెబ్‌సైట్లు. ఫైలు అప్‌లోడ్ చేయండి, పాస్‌వర్డ్ చెబుతాం అంటాయి కొన్ని. పాస్‌వర్డ్ దొరికితే ఏమైంది? వాళ్లకు ఫైలూ దొరికింది, పాస్‌వర్డూ దొరికింది! లోపల జీతాలున్నాయో, రోగుల వివరాలున్నాయో. దయచేసి అలా చేయొద్దు. ఎంత బలమైన ఎన్‌క్రిప్షనైనా నిమిషంలో గ్యారంటీ అనే ప్రకటన ఎక్కడైనా కనబడితే ఆ పేజీ మూసేయండి. కొన్ని టూల్స్ మొదటి రెండక్షరాలు ఉచితంగా చూపించి మిగతాదానికి డబ్బడుగుతాయి. పాత ఎండీబీకి ఆ పద్ధతిలో డబ్బు కట్టి వచ్చిన ఆయనకు ఇందాకటి ఎక్సార్ లెక్క చూపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒకవేళ తెరుచుకుంటే వెంటనే ఏం చేయాలి? టేబుళ్లన్నీ ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. తర్వాత ఫైలును ఎక్స్‌క్లూజివ్‌గా, అంటే అదే సమయంలో ఇంకెవరూ తెరవకుండా, తెరిచి, ఫైల్ మెనూలో ఇన్ఫో దగ్గర డీక్రిప్ట్ డేటాబేస్ నొక్కి పాత పాస్‌వర్డ్ తీసేసి, కొత్తది పెట్టండి. కొత్తది పెట్టగానే ఫ్రంట్ ఎండ్‌లో లింకులన్నీ తెగిపోతాయి, మళ్లీ కలుపుకోవాలి. అది చెప్పకపోతే రేపు మళ్లీ నాకే ఫోన్ చేస్తారు.

ఎవరో చీటీ పంపారు. "ఎన్నాళ్లు ప్రయత్నించి వదిలేయాలి?" మంచి ప్రశ్న. నా పద్ధతి చెబుతాను. ముందు ఆ డేటాను కాగితాల మీంచి, ప్రింటు తీసిన రిపోర్టుల మీంచి, ఎక్సెల్ కాపీల మీంచి మళ్లీ ఎక్కించడానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్క వేయిస్తాను. పది రోజుల పని అయితే, వెతుకులాట పదో రోజున ఆపేస్తాను. చాలాసార్లు ఆ లెక్క వేస్తుండగానే ఎవరో ఒకరికి ఫలానా చోట కాపీ ఉందని గుర్తొస్తుంది. ఆపేసినా ఫైలు మాత్రం పారేయొద్దు, ఎప్పుడో ఒక పాత మెషీన్లో ఫ్రంట్ ఎండ్ దొరకొచ్చు.

ఇంకో చీటీ. "వేరేవాళ్ల ఫైలు తెరవొచ్చా?" ఫైలు యజమాని అడిగితే, అడిగినట్టు రాసిస్తే చేస్తాను. మా బావమరిది ఫైలు, ఆయనకు చెప్పకుండా చూడాలి అంటే చేయను. ఆ చీటీ రాసినవారు నవ్వుతున్నారు గానీ, నేను నిజంగానే చెబుతున్నాను.

ఫైళ్లు తెచ్చుకున్నవాళ్లు ఇటు టేబుల్ దగ్గరికి రండి. ఒక్కొక్కరి ఫైలూ నోట్‌ప్యాడ్‌లో తెరిచి జెట్టో, ఏసో ముందు తేల్చుకుందాం. పెన్ డ్రైవ్‌లో ఒరిజినల్ ఒక్కటే తెచ్చినవాళ్లు మాత్రం అటు రెండో కంప్యూటర్ దగ్గర కాపీ తీసుకుని అప్పుడు రండి.